నువ్వు కూర్చునే వైపు తలుపు

కిరందుల్,
9 నవంబర్ 2024, శనివారం.

ప్రియమైన అమ్మకు,

హెప్సిబా వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నాన్నా నేనూ బాగున్నాం. ఎస్.కోటలో పిన్ని, పాప, అమ్మమ్మ, నువ్వు కూడా బాగున్నారని తలుస్తాను. ఈ రోజు పొద్దున్నే ఒక వింత చూశాను. నాన్న మన కారు తలుపుల గడియలు రెండూ ఊడదీసి పాత పేపరు మీద పక్కపక్కన పెట్టారు. రెండూ ఒకే వయసు గడియలు కదా. నాన్న వైపుది పొడిగా, నల్లగా, అంచులన్నీ గట్టిగా ఉంది. నువ్వు కూర్చునే వైపుది మాత్రం ముసలివాళ్ళ చిగుళ్ళలా నున్నగా అరిగిపోయింది. దాని నిండా ఎర్రటి ముద్ద.

ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అన్నం నేనే వండుతున్నాను. పప్పులో ఉప్పు తక్కువైనా నాన్న ఏమీ అనకుండా తింటున్నారు. కరివేపాకు మొక్క ఆకుల మీద గనుల దుమ్ము కడుగుతున్నాను, మర్నాటికి మళ్ళీ ఎర్రబడుతోంది. పిన్ని పాపకు నన్ను వెతకమన్న పేరు ఇంకా దొరకలేదు. రాత్రి నచ్చిన పేరు తెల్లారేసరికి నచ్చడం లేదు. ఫోనుండగా ఉత్తరాలేమిటని పిన్ని నవ్విందని రాశావు. తెలుగు చెప్పని బడిలో చదివే పిల్లకు ఉత్తరమే తెలుగు బడి అని నువ్వే కదా అన్నావు! పైగా నువ్వు ఫోను స్పీకరులో పెడతావు. ఇది ఇల్లంతా వినే సంగతి కాదు.

నీ ఉత్తరంలో ‘నొచ్చుకున్నాను’ అన్న మాట చూసి, ఎంత మెత్తగా ఉందో అని రోజంతా నోట్లో తిప్పుకున్నాను. అది నువ్వు ఎందుకు రాశావో ఆలోచించింది మాత్రం ఆ తర్వాతే. “గడియ బాగయిందా? మీ నాన్న ఇంకా నా చెయ్యే అంటున్నారా? స్టేషను నుంచి నేను ఆటోలో వస్తానని చెప్పు” అని అడిగావు. నాన్నకు ఇంకా చెప్పలేదు.

రెండే సీట్ల బండి కాబట్టి ఆ రోజు నేను కారులో లేను. అయినా అంతా చూసినట్టే ఉంది. దంతెవాడ నుంచి వస్తుంటే మలుపులో నీ వైపు తలుపు ఊడినట్టు తెరుచుకోవడం, బెల్టు ఉండబట్టి నువ్వు ఆగడం, ఒళ్ళోని పులిహోర గిన్నె రోడ్డు మీద దొర్లుకుంటూ పోవడం. నాన్న భయంతో అరిచారట: “తలుపనుకున్నావా, రాయనుకున్నావా? ఇసిరి ఇసిరి గడియ అరగ్గొట్టీసినావు!” వెనక స్కూటరు మీద వస్తున్న వరహాలమ్మ గారు గిన్నె మూత ఏరి ఇస్తూ ఆ మాట విన్నారు. అప్పటినుంచీ కాలనీలో ఎక్కడ తలుపు దడాలుమన్నా నీ పేరెత్తి, “సంతోషకుమారి గారొచ్చినట్టున్నారు” అనడం అలవాటైపోయింది. చర్చి మెట్ల మీద ఆవిడ అలా అంటే అందరూ నవ్వారు. అమ్మా, నేనూ నవ్వాను. నువ్వు నా వైపు చూశావు.

ఈ రోజు నాన్నతో పాటు వ్యాగన్లు బాగుచేసే ముకేష్ అంకుల్ సాయానికి వచ్చారు. నాన్న ఆ ఎర్ర ముద్దను వేళ్ళ మధ్య నలిపి, “ఇదేటి, గ్రీజు! ఈ దుమ్ములో గ్రీజెడితే ఇంకేటుంది, రుబ్బురోలే” అన్నారు. ముకేష్ అంకుల్ “భాభీజీ కా హీ కామ్ హై, పాల్ భాయ్” అని, ఇది వదినగారి పనేనంటూ నవ్వారు. నాన్న తల ఊపి, “అదే అయ్యుంటాది. కిర్రుమంటందని ఒకటే నస పెట్టేది” అన్నారు. నేను టీ గ్లాసులు పట్టుకుని పక్కనే ఉన్నాను. చక్కెర సరిపోయిందా అని అడిగాను.

ఆ గ్రీజు పెట్టింది నేనమ్మా.

నాన్న నాకు అప్పజెప్పిన పని నీకు గుర్తుంది కదా. గ్రీజు తగిలితే ఇనుపరాయి దుమ్ము అంటుకుని గడియను కొరికేస్తుందని, పెన్సిలు ములుకు బ్లేడుతో గీకి ఆ పొడి రెండు గడియల్లోకీ ఊదమన్నారు. ఆదివారం ఆదివారం నాన్న వైపు శ్రద్ధగా ఊదాను, ఆయన వేలు పెట్టి చూస్తారు కాబట్టి. నీ వైపు వచ్చేసరికి చదువుతున్న పుస్తకం పిలిచేది. కిర్రుమనకపోతే చాలనుకుని డబ్బాలోంచి గ్రీజు తీసి కూరాను. వేసవి నుంచీ అంతే. నువ్వు వేలు పెట్టి చూడవని నాకు తెలుసు. అది ముద్దకట్టి గడియ పట్టక, నువ్వు తలుపు మళ్ళీ మళ్ళీ వెయ్యాల్సి వచ్చింది. నువ్వు విసిరినందుకు అరగలేదమ్మా, అరిగినందుకు విసిరావు. ఆ మలుపులో బెల్టు లేకపోతే అన్న ఆలోచన వస్తే పుస్తకంలో ఒక్క అక్షరం కనబడడం లేదు.

నాన్న గడియను కిరసనాయిలులో కడిగి, అరిగిన నాలుకకు ఇత్తడి అతికించి, ఆకురాయితో రుద్ది సరిచేశారు. మన కారు ఒళ్ళంతా ఫైబరే కదా, తలుపులో ఉండగానే అతికిస్తే వేడికి అది కాలిపోతుందట. అవతల కొక్కెం బిగించే చోట కూడా ఫైబరు పగలకుండా వెనక ఇనుప బిళ్ళ పెట్టారు. చేతిలో పట్టుకుని నొక్కితే టక్కున పడుతోంది. ఇంక తలుపుకు బిగించడమే మిగిలింది.

రేపు పొద్దున్నే బిగిస్తారు. స్క్రూడ్రైవరు పట్టకముందే, ముకేష్ అంకుల్ ఎదురుగానే నాన్నకు చెబుతాను. ఆ తర్వాత పెన్సిలు గీకి, ముందు నీ వైపు ఊదుతాను. స్టేషను నుంచి ఆటోయే కావాలంటే ఆటోలోనే రా, నీ ఇష్టం. తలుపు పనయ్యాక చర్చికి వెళ్తాను. మెట్ల దగ్గర ఎవరి తలుపు చప్పుడైనా సరే, వరహాలమ్మ గారు నీ పేరు ఎత్తేలోగా “కాదండీ, హెప్సిబా వచ్చింది” అని మొదలుపెట్టి అంతా చెబుతాను.

ఇట్లు,
నీ వైపు తలుపు పాడుచేసిన నీ కూతురు,
హెప్సిబా