నీళ్ళలో మనిషి ఉంటేనే వేడి

ఇంధన పొదుపు విభాగం వారికి,

ఈత కొలను హీటరు గది నుంచి, దండం పెట్టకుండానే రాస్తున్నాను. ఫోన్ చేస్తే "రాతపూర్వకంగా పంపండి" అని పెట్టేశారు. రాతంటే నాకు భయం లేదు. బడి నన్ను మధ్యలో వదిలేసింది గానీ అక్షరాల్ని నేను వదల్లేదు. పాత హీటరు వెనక అంటించిన కాగితాలు చదువుకుని దాన్ని విప్పడం, బిగించడం నేర్చుకున్నాను.

పోయిన నెల మీరు ఆ పాతదాన్ని పీకేసి, కరెంటు తక్కువ తాగుతుందని కొత్తది పెట్టారు. పొదుపు మంచిదే, కాదనను. కానీ ఇది తెల్లగా బీరువాలా నిలబడింది. మీటల్లేవు. తాళం ఉంది, తాళంచెవి లేదు. పాతది గురక పెట్టేది, దగ్గేది, తంతే పలికేది. దీన్ని తంతే నా కాలే వాచింది.

అసలు సంగతి. నీళ్ళలో మనిషి కదిలితేనే ఇది పనిచేస్తుంది, లేకపోతే పడుకుంటుంది. చల్లగా ఉన్నాయని జనం దిగరు. జనం దిగలేదని ఇది లేవదు. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టుంది.

ఇంత పెద్ద భవనానికి ఇంకా వస్తున్నది ఒక్కావిడ. మోకాళ్ళకి ఆపరేషన్ అయిన పెద్దావిడ, చుట్టం కాకపోయినా పిన్నీ అని పిలుస్తాను. పొద్దున్నే తలుపు తియ్యగానే చిన్న కొలనులో దిగి, గోడ పట్టుకుని నడుస్తుంది. నిన్న కాలు పెట్టి వెనక్కి తీసుకుంది. "ఒరేయ్ చిర్రుబుర్రూ, ఇవి నీళ్ళా, నా మీద పగా? ఇంకొన్నాళ్ళు చూస్తా. తర్వాత ఇంట్లో గోడే పట్టుకుంటా" అంది. ఆవిడ మానేస్తే ఇక్కడ నాతో మాట్లాడేదెవరు? గోడ పలకలా? వెంటనే బాగుచెయ్యండి.

ఇట్లు, మండిపోతూ,
హీటరు గది పనివాడు

తా.క.: నీళ్ళెంత చల్లగా ఉన్నాయో తెలియాలని ఈ కాగితం మూల ముంచి పంపుతున్నాను. ముట్టుకోండి.

---

కొలను సిబ్బందికి, విభాగం నమస్కారములు.

మీ ఫిర్యాదు అందినది. యంత్రం సక్రమంగా పనిచేయుచున్నట్టు మా తెరపై కనబడుచున్నది. ఎవరూ లేనప్పుడు వేడి చేయకపోవడం లోపం కాదు, దాని సుగుణం. వినియోగం పెరిగినచో వేడి పెరుగును. కావున వినియోగం పెంచు చర్యలు తీసుకోగలరు. ఫిర్యాదు తీరినదో లేదో తెలియజేయగలరు.

ఇట్లు,
విభాగం తరఫున, గుమాస్తా

తా.క.: కాగితం మూల ముట్టుకున్నాము. ఆరిపోయినది. క్లోరిన్ వాసన మాత్రం వచ్చుచున్నది. బాగున్నది.

---

విభాగం వారికి, కోపం తగ్గని చోటు నుంచి,

తీరలేదు. కానీ చర్యలు తీసుకున్నాను. ఏం తీసుకున్నానని అడక్కండి, చెప్పను. తెల్లారకముందు మొదలుపెడితే ఆవిడ వచ్చేసరికి చిన్న కొలను గోరువెచ్చన అవుతోంది. ఈ రోజు పిన్ని దిగి, "అబ్బ, ప్రాణం లేచొచ్చిందిరా" అంది. అటు చివరి దాకా నడిచి, ఇటు తిరిగొస్తూ తన కోడలి సంగతులన్నీ చెప్పింది. సగం అబద్ధాలే. అయినా విన్నాను. తర్వాత నన్ను చూసి, "ఏంట్రా ఆ వణుకు? కోపానికి కూడా చలేస్తుందా?" అంది.

ఇది పరిష్కారం కాదు. యంత్రాన్ని మార్చండి.

ఇట్లు, పళ్ళు కొట్టుకుంటూ,
హీటరు గది పనివాడు

తా.క.: పాతదాని వెనక తడిబట్టలు ఆరేసుకునేవాణ్ణి. కొత్తదాని వెనక నుంచి చల్లగాలి కొడుతోంది. పేరు మాత్రం హీటరు.

---

కొలను సిబ్బందికి, అభినందనలతో,

ప్రతిదినం తెల్లవారకముందే ఒక వ్యక్తి చిన్న కొలనులో దిగుచున్నట్టు తెరపై గమనించి మిక్కిలి సంతోషించితిమి. ఆ వ్యక్తి ఒకే మూలన, కొద్దిగా కదులుచూ, ఎంతసేపైనా ఉండుచున్నారు. ఇట్టి సాధన మేమెన్నడూ చూడలేదు. వీరు పోటీలకు సిద్ధమగుచున్నారా? యోగులా? ప్రశంసాపత్రం ఇవ్వదలచితిమి. ఈత కొట్టుచున్న ఫొటో ఒకటి పంపగలరు.

ఇట్లు,
విభాగం తరఫున, గుమాస్తా

తా.క.: పిన్నిగారి కోడలి సంగతి సగంలో ఆపితిరి. అబద్ధమైనా ఫరవాలేదు.

---

విభాగం వారికి, ఆ యోగి రాస్తున్నాడు.

నేనే అది! నాకు ఈత రాదు! ముందు రబ్బరు బంతులు వేశాను. మీ బీరువా నమ్మలేదు. తుడుపుకర్రకి నా చొక్కా తొడిగి తాడు కట్టి లాగాను. దానికీ లేవలేదు. ఇంకేం చెయ్యను? నేనే దిగాను. మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని, కాళ్ళాడిస్తూ, ఎముకలు కొరికే నీళ్ళలో మిమ్మల్ని తిట్టుకుంటూ నిలబడతాను. తిట్లు అయిపోతాయి, చలి అయిపోదు. మళ్ళీ మొదటి తిట్టు నుంచి ఎత్తుకుంటాను.

పిన్ని మీద నాకు ప్రేమా దోమా ఏం లేదు. నేనుండేది హీటరు గది పక్క గదిలో. ఆవిడ రాని రోజు నా గొంతు నాకే సాయంత్రం దాకా వినబడదు. అంతే.

ఇట్లు, ముక్కు కారుతూ,
హీటరు గది పనివాడు

తా.క.: కోడలు ఆవిడ చేతికర్ర దాచేసిందట. ఎక్కడుందో తెలుసా? ఆవిడ చేతిలోనే. అప్పటిదాకా ఇల్లంతా వెతికించింది.

---

కొలను సిబ్బందికి, ఆందోళనతో,

ఈత రాని వ్యక్తి నీటిలో ఉన్నప్పుడు ఒడ్డున కాపలాదారు విధిగా ఉండవలెను. మీరు దిగు సమయమున కాపలా ఎవరు? వివరములు పంపగలరు.

ఇట్లు,
విభాగం తరఫున, గుమాస్తా

తా.క.: గొంతుకు ఉప్పునీళ్ళు పుక్కిలించండి. ఇది విభాగం సూచన కాదు.

---

విభాగం వారికి,

కాపలాదారూ నేనే. పాతాయన పదవీ విరమణ చేశాక ఆ ఈల కూడా నా మెడకే తగిలించారు. మునిగితే నేనే ఈల ఊది, నేనే పరిగెత్తుకొచ్చి, నన్ను నేనే తీసుకోవాలి.

నిన్న అదీ అయింది. చలికి వేళ్ళు పట్టు తప్పి, కాలు జారింది. నీళ్ళు నడుం లోతే, కానీ మునిగేవాడికి ఆ లెక్కలు గుర్తుండవు. పిన్ని నిద్రపట్టక, రోజూకంటే ముందే వచ్చి, తలుపు దగ్గరగా వేసి ఉంటే తోసుకుని లోపలికొచ్చిందట. చేతికర్ర వంపుని నా కాలరుకి తగిలించి లాగింది. మోకాళ్ళు లేని మనిషి! నేను దగ్గుతూ అంతా చెప్పేశాను.

ఆవిడ తన తువ్వాలు నా మీద పడేసి తలుపు వైపు తిరిగింది. నాకు అదే భయమేసింది. తర్వాత, "నా మోకాళ్ళ కోసం నువ్వు పోతే నేనెవరితో పోట్లాడాల్రా వెధవా? రేపట్నుంచి రాను. నేను రాకపోతే నువ్వు దిగవుగా" అంది. వెళ్ళిపోయింది.

ఈ రోజు రాలేదు. మీ యంత్రం పడుకునే ఉంది. బోలెడంత పొదుపు. సంతోషమేనా?

హీటరు గది పనివాడు

తా.క.: ఈ రోజు ఏం లేదు.

---

హీటరు గది పనివారికి,

'మేము' అని రాయడం ఈ రోజుతో ఆపేస్తున్నాను. మేము ఎవరూ లేము. నేనొక్కదాన్నే. ఈ విభాగం నిండా మనుషులుండేవారు. పొదుపులో భాగంగా అందర్నీ వేరే భవనాలకి పంపేశారు. బల్లల మీద కుర్చీలు బోర్లించి ఉన్నాయి. ఇక్కడ లైట్లు కూడా మీ హీటరు లాంటివే, మనిషి కదలకపోతే ఆరిపోతాయి. మీ ఉత్తరాలు కదలకుండా చదువుతానేమో, మధ్యలో చీకటి పడుతుంది. చెయ్యెత్తి ఊపుతాను. ఎవరైనా చూస్తే ఎవర్నో పిలుస్తున్నాననుకుంటారు.

ఇప్పుడు తిట్టుకోండి. మీ హీటరుకి ముందుగానే వేడెక్కే సమయం పెట్టడం నా తెర మీద ఒక్క నొక్కు పని. మొదటి ఉత్తరానికే చెయ్యొచ్చు. కానీ ఇక్కడ నియమం ఒకటుంది: ఫిర్యాదుకి జవాబు రాయాలి, తీరితే ఫైలు మూసెయ్యాలి. మూసేస్తే మీరెందుకు రాస్తారు? మీరే దిగుతున్నారని తెలిసిన రోజు చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది. కోడలి సంగతి ఇంకొక్కటి విని నొక్కుదామనుకున్నాను. మీరు మునిగారు.

నొక్కేశాను. రేపు తెల్లారేసరికి నీళ్ళు వెచ్చగా ఉంటాయి. పిన్నిగారిని ఎలాగైనా పిలవండి. ఫైలు మూసేస్తున్నాను.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: కాగితం మూల ఇంకా వాసనొస్తోంది.

---

మేడమ్‌కి,

మీ ఉత్తరం చదివి బీరువాని ఇంకోసారి తన్నాను. రెండో కాలూ వాచింది. నేను గడ్డకట్టి చస్తుంటే మీకు కోడలి కబుర్లు కావాల్సొచ్చాయా!

పిన్ని ఇల్లెక్కడో నాకు తెలియదు, పిలవలేదు. ఆవిడే వచ్చింది. "మళ్ళీ దిగావేమోనని తన్నడానికొచ్చా" అంది. పొడిగా ఉన్న నన్ను చూసి కాస్త నిరాశపడింది. నీళ్ళలో చెయ్యి పెట్టి చూడమన్నాను. పెట్టింది. చేతికర్ర నాకిచ్చి దిగింది. మీ ఉత్తరం ఒడ్డున కూర్చుని చదివి వినిపించాను.

"పాపం" అంది.

"పాపమా? తడిసింది నేను!"

"నువ్వు తడిశావు సరే. ఆ పిల్ల ఎండిపోయిందిరా" అంది.

నేను మాత్రం క్షమించను. అందుకే మీ మీద ఫిర్యాదు చేస్తున్నాను. సదరు గుమాస్తా కావాలనే పని ఆలస్యం చేసింది. విభాగం పూర్తి విచారణ జరిపి నాకు జవాబివ్వాలి. విచారించేదీ మీరే, జవాబు రాసేదీ మీరే కాబట్టి తొందరేం లేదు, వివరంగా రాయండి. ఒక్క ఉత్తరంతో శాంతించే మనిషిని కాను.

ఇట్లు, అదే కోపంతో,
చిర్రుబుర్రు

తా.క.: ఇంకో ఫిర్యాదు. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయి. "నన్ను ఉడకేస్తావా" అంటోంది పిన్ని. తగ్గించండి. ఒకేసారి కాదు, ఉత్తరానికి కాస్త చొప్పున.