వీధి మొగలో రాళ్లు

బెంగళూరు,
18-7-1999, ఆదివారం

చి.ల.సౌ. వరూధినికి,

ఇక్కడ నేనూ వనజా బాగానే ఉన్నాం. బళ్లారి వేడిలో, ఆ ఆస్పత్రి డ్యూటీలతో నువ్వెలా ఉన్నావన్నదే మా ఇద్దరి ధ్యాస.

నీ ఉత్తరం మంగళవారం అందింది. కుక్కర్ రబ్బరు మార్చాను. వనజకు జడలు నేనే వేస్తున్నాను. ఒకటి పైకీ ఒకటి కిందికీ వస్తున్నాయని దాని ఫిర్యాదు. ఆకుకూరల సొన్నమ్మ కాలి సంగతి గుచ్చి గుచ్చి అడిగావు. ఎముక అతికింది, కర్ర పట్టుకుని నడుస్తోంది. బరువులు మాత్రం మోయకూడదన్నారట. నువ్వు రాసిన వ్యాయామాలు ఆమె కోడలు దగ్గరుండి చేయిస్తోంది. ఇక, "ఆ రోడ్డు మీద పిల్లని సైకిల్ తొక్కనివ్వొద్దు" అని కింద రెండు గీతలు గీసి మరీ రాశావు. ఈ ఉత్తరమంతా దానికి జవాబే.

మెయిన్ రోడ్డు తవ్వినప్పటినుంచి మన అడ్డరోడ్డు గతి ఏమైందో నీకు తెలుసు. కంపెనీ వ్యాన్లు, ఆటోలు, సిగ్నల్ తప్పించుకోవాలనుకున్న ప్రతివాడూ మన గుమ్మాల ముందునుంచే పోయేవాడు. మార్చిలో సొన్నమ్మ ఎప్పటిలాగే హొసకోటె నుంచి వచ్చి, పొద్దున్నే బస్సు దిగి, ఆకుకూరల గంపతో మన మలుపు తిరుగుతుంటే ఒక వ్యాను కొట్టేసి ఆగకుండా పోయింది. సైకిల్ షాపు ఫయాజ్ ఆమెను ఆటోలో ఆస్పత్రికి చేర్చాడని అప్పుడే రాశాను. మర్నాడు నేను చూడ్డానికి వెళ్తే ఆమె అన్న మాట మాత్రం రాయలేదు.

"ముందర మీ రోడ్డు మొగలో రెండు రాళ్లుండె కదా సామీ. మనిసి పోవచ్చు, సైకిలు పోవచ్చు, కారు దూరేదానికి అయ్యేది లేదు. ఆ రాళ్లుంటే నాకీ గతి వచ్చునా? ఏ పుణ్యాత్ముడు పీకిచ్చెనో!"

బత్తాయిలు బల్ల మీద పెట్టి గబగబా వచ్చేశాను.

ఆ వారమే నేనూ ఫయాజూ ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాం. రాళ్లు మళ్లీ పాతించాలి, బండ్ల వేగం తగ్గేలా రోడ్డు మధ్యలో హంపు వేయించాలి అని అర్జీ. అందరూ సంతకాలు పెట్టారు, మొగలో ఇల్లున్న నాగప్ప తప్ప. బళేపేటలో ఇనుప సామాన్ల షాపు ఉందే, అతనే. "ఏం సార్, నేను దినామూ అంత దూరం సుత్తుకోని రావల్నా? రోడ్డేమన్నా మీ ఇంటి వరండానా?" అని తలుపు వేసుకున్నాడు.

జూన్‌లో కార్పొరేషన్ ఇంజనీరు వచ్చాడు. ఫయాజ్ షాపు ముందు అందరం చేరాం. ఆయన పాత ఫైలు ఒకటి తెచ్చాడు. "ఈ రాళ్లు తీసేయమని తొంభైమూడులో మీ రోడ్డువాళ్లే రాసిచ్చారు. ఇప్పుడు పెట్టమంటున్నారు. రేపు మళ్లీ తీయమంటే?" అన్నాడు కన్నడంలో.

నాగప్ప గట్టిగా నవ్వాడు. "చూడండప్పా! అప్పుడు రాసిచ్చినోడు ఎవుడో గానీ బుద్ధి ఉండేవోడు."

వరూ, ఆరేళ్లుగా నీకు చెప్పనిది ఇక్కడ చెప్పాలి. ఆ కాగితం రాసింది నేను. మొదటి సంతకం నాది. అప్పుడు మనం పాత ఫియట్ కారు కొన్న కొత్త. అవతలి వైపునుంచి తిప్పుకుని రావడానికి బద్ధకించి నలుగురి చేత సంతకాలు పెట్టించాను. ఆ నలుగురూ ఇప్పుడు ఈ రోడ్డులో లేరు. నువ్వు వనజ చెయ్యి పట్టుకుని నడిచొచ్చి, "అయ్యో, రాళ్లు ఎవరు తీసేశారండీ?" అని అడిగావు. "కార్పొరేషన్‌వాళ్ల పని" అన్నాను. ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు నువ్వు బండ్లకు భయపడి పిల్లను గోడవైపు లాక్కుంటుంటే చూశాను. అయినా నోరు విప్పలేదు.

ఇంజనీరు పేర్లు చదవలేదు. ఫైలు మూసేస్తున్నాడు. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. లేచి నిలబడ్డాను.

"ఆ బుద్ధి ఉన్నవాణ్ణి నేనే, నాగప్పా. ఎందుకు చుట్టూ తిరగాలని నువ్వు అడిగినట్టే నేనూ అడిగాను. సొన్నమ్మ కాలు అందుకే విరిగింది."

మూడు నెలలు నాతో గడపగడపా ఎక్కిన ఫయాజ్ నా ముఖం చూడకుండా చేతిలో చైను తుడుస్తూ కూర్చున్నాడు. చివరికి ఇంజనీరే, "అయితే ఆ పాత అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని రాసివ్వండి" అన్నాడు. ఫయాజ్ లేచి, చేతులు తుడుచుకుని, తన జేబులో పెన్ను తీసి నాకిచ్చాడు. నా సంతకం కింద మొదటి సంతకం అతనే పెట్టాడు.

పదిహేను రోజుల కిందట రాళ్లు వచ్చాయి. కదిరి నుంచి వచ్చి ఇక్కడ రాతిపని చేసుకుంటున్న తిరుపాలు మేస్త్రి వాటిని పాతాడు. "ఈ తూరి పీకల్లంటే క్రేను తేవాల సామీ, అంత లోతుగా ఏసినా" అన్నాడు. నాగప్ప చివరిదాకా సంతకం పెట్టలేదు. కానీ హంపు తయారైన రోజు అతని షాపు మనిషి రెండు డబ్బాల తెల్ల పెయింటు తెచ్చి ఫయాజ్ దగ్గర పెట్టి పోయాడు. గీతలు వేసింది మన వనజా, ఫయాజ్ కూతురు ఫర్హానా. కాస్త వంకరగా ఉన్నాయి గానీ ఎంత దూరానికైనా కనిపిస్తున్నాయి.

ఇప్పుడు మన రోడ్డు చూడాలి నువ్వు! సాయంత్రమైతే పెద్దవాళ్లు రోడ్డు మధ్యలో నడుస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారు. పక్క అడ్డరోడ్డువాళ్లు వచ్చి మన అర్జీ నకలు అడిగి తీసుకెళ్లారు. ఇచ్చేటప్పుడు నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. సోమవారం నుంచి వనజా ఫర్హానా స్కూలుకు సైకిళ్ల మీదే వెళ్తున్నారు. నిన్ను అడక్కుండా ఒప్పుకున్నాను. మొదటిరోజు వెనకాలే నడిచాను. "నాన్నా, నువ్వు ఇంటికి పో!" అని కసిరింది. అది బెల్ కొట్టుకుంటూ రాళ్ల మధ్యనుంచి దూసుకుపోతే, అలాగే నిలబడి చూశాను.

నిన్న హొసకోటె వెళ్లి సొన్నమ్మకు అంతా చెప్పాను. ఆమె తన కాలు నిమురుకుంది.

"నొస్తా ఉండాది సామీ. పోనీలే అనేదానికి నాకు నోరు రాలేదు."

నేను లేవబోతుంటే ఆమే మళ్లీ అంది: "ఇల్లిల్లూ మోసుకోని తిరగలేను ఇంక. గంప కోడలు తెస్తాది. మీ గేటు కాడ నీడ ఉండాది కదా, ఆడ కూసోని అమ్ముకుంటా. నీ కారు తీసి వేరే తావున పెట్టుకో."

పొద్దున్నే కారు ఎండలోకి మార్చాను. గేటు ముందు వనజ ఊడ్చి నీళ్లు చల్లింది.

ఇది చదివి నీకు కోపం వస్తుంది. రావలసిందే, ఎంత తిట్టాలనుంటే అంతా తిరుగుటపాలో రాయి. కానీ వచ్చే నెల సెలవు మీద వచ్చినప్పుడు నీ ఆటో రాళ్ల దగ్గరే ఆగిపోతుంది. దిగి, గోడవారగా కాదు, రోడ్డు మధ్యలోంచి నడిచి రా. వనజ ఎదురొచ్చి నీ పెట్టె తన సైకిల్ మీద తెస్తుందట.

ఇట్లు,
వనజ నాన్న,
నీ భుజంగరావు