పసుపునీళ్లు చల్లింది నువ్వే

తమ్ముడు సాంబశివరావుకు,

ఈసారి కుశలం అడగడం లేదు. కోపంగా ఉన్నాను.

కాలేజీవాళ్లు పారేసిన నాలుగు కంప్యూటర్లను నీ మేనకోడలు హారిక తెచ్చింది. చోటు చాలక వాటి పైడబ్బాలు విప్పేసి, పాత ఇనుప మంచం కోసి చేసిన చిన్న స్టాండులో ఒకదానిమీద ఒకటి బిగించింది. మన ఊరు బాళగనూరు ఆడపిల్లలు సాయంత్రాలు వచ్చి నేర్చుకునేవారు. ఆయుధపూజనాడు నువ్వు ట్రాక్టరుకు చల్లినట్టే వాటిమీదా పసుపునీళ్లు చల్లావు.

"తడి ఆరలేదు, స్విచ్ వెయ్యకు మావయ్యా!" అని అది అరిచింది.

"పూజయ్యాక నడిపి చూపించాలే పిల్లా! ట్రాక్టరుతో నిమ్మకాయలు తొక్కించలా?" అంటూ వేసేశావు. నాలుగూ కాలిపోయాయి.

తెలియక చేశావని ఊరుకున్నాను. కానీ నిన్న పక్కూరు తుర్విహాళ టీ హోటల్లో, అవి ఎలా కాలాయని ఎవరో అడిగితే, "ఆడపిల్ల బిగించిన స్టాండు ఎన్నాళ్లుంటదిలే" అని నవ్వావట. అది విని తండ్రులు తమ పిల్లలను ఇక పంపేది లేదన్నారు. హారిక అన్నం ముట్టడం లేదు.

నేను రోజూ దీపం పెట్టే మనిషిని. పూజను తప్పుపట్టను, నీ అబద్ధాన్నే తప్పుపడతాను. ఆదివారం ఆ తండ్రులను మా ఇంటికి పిలిచాను. నీళ్లు చల్లింది, స్విచ్ వేసింది నేనేనని వాళ్లముందు చెప్పు. నువ్వు రాకపోతే నేనే చెబుతాను. ఇంతవరకు ఎవరిమీదా గొంతెత్తలేదు కాబట్టి అందరూ వింటారు.

మీ అక్క