మూడు కొటేషన్ల ఇంపాక్ట్ డ్రైవర్

4 మే 2008, ఆదివారం, ఆర్.కె. పురం, ఢిల్లీ

ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో కరెంటు పని ఏదైనా నేనే చేస్తాను. ఎవర్నీ పిలవను. రాసి పెడుతున్నాను.

కారణం: పొద్దున వైశాలిలో బావమరిది విష్ణువర్ధన్ ఇంటికి వెళ్ళాం. బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ డ్రైవర్ అనే యంత్రంతో చిటికెలో కర్టెన్ రాడ్డు బిగించాడు. చూడ్డానికి పిస్తోలులా ఉంది. స్క్రూ మొరాయిస్తే తిప్పుతూనే లోపల్నుంచి టకటకా దెబ్బలు కూడా వేస్తుందట. మా ఆవిడ నాగమల్లేశ్వరి ముందు తమ్ముణ్ణి చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ చూపుకి బదులు నాలుగు మాటలు అనుంటే బాగుండేది.

ఇంటికొచ్చేసరికి పడగ్గది ఫ్యాన్ తిరగడం లేదు. రెగ్యులేటర్ కాలిపోయింది. స్విచ్‌బోర్డు విప్పి కొత్తది పెట్టాలి, అంతే. దేవుడిచ్చిన అవకాశం!

"ఎంక్వైరీలో కంప్లైంటు రాయిస్తే రేపే మనిషొస్తాడండీ" అంది. గవర్నమెంటు క్వార్టర్లలో ఏది పాడైనా కాలనీ ఎంక్వైరీ ఆఫీసుకే చెప్పాలి.

"అక్కర్లేదు. మంచి డ్రైవర్ కొని నేనే చేస్తాను."

"స్క్రూడ్రైవర్ వంటింటి సొరుగులో ఉంది."

నేనన్న డ్రైవర్ వేరు.

5 మే, సోమవారం

ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ కొనుగోళ్ళ సెక్షన్‌లోనే ఉన్నాను. పెన్సిలు కొన్నా మూడు కొటేషన్లు, ఒక పట్టిక, అర్హత ఉన్నవాటిలో తక్కువ ధరది. ఇంటికి మాత్రం తోచినట్టు కొంటానా?

లంచ్‌లో పట్టిక గీశాను. వోల్టులు. బరువు. టార్కు, అంటే తిప్పే బలం. బ్యాటరీ నికెలా, లిథియమా. ముందు లైటుందా. రంగు. సెక్షన్ మొత్తం నా చుట్టూ మూగింది. భీమేశ్వరరావులో ఇంత విషయం ఉందా అన్నట్టు చూశారు. చాలా ఏళ్ళకి ఆఫీసుకి వెళ్ళినట్టనిపించింది.

రాత్రి గది బట్టీలా ఉంది. పర్వాలేదు, నాలుగు రోజులే.

7 మే, బుధవారం

సాయంత్రం మెట్రోలో, హార్డ్‌వేర్ షాపులుండే చావ్‌డీ బజార్ వెళ్ళాను. రెండు కొటేషన్లు దొరికాయి. మూడో షాపాయన "లిఖ్‌కే నహీఁ దేతే సాబ్, లేనా హై తో లే జాయియే" అన్నాడు. రాసివ్వడట, కావాలంటే కొనుక్కుపోవాలట. నోటిమాట కొటేషన్ చెల్లదు. వచ్చేశాను.

మా అమ్మాయి హారిక పుస్తకంతో విసురుకుంటూ, "నాన్నా, బహుత్ గర్మీ హై. మామయ్యవాలా లే ఆవో నా" అంది. ఉక్కగా ఉందట, మామయ్యది అడిగి తేవాలట! పిల్లకి తెలుగూ రావడం లేదు, పౌరుషమూ రావడం లేదు.

9 మే, శుక్రవారం

మా ఆవిడ పక్కల మీద నీళ్ళు చల్లుతోంది. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటే విన్నాను. బ్రహ్మాస్త్రానికి కొటేషన్లు పిలవడం ఇప్పుడే చూస్తున్నా" అంది.

పద్ధతి తెలియనివాళ్ళతో వాదించకూడదు. టార్కు గడిని సవరించుకుంటూ కూర్చున్నాను.

10 మే, శనివారం

తల్లీకూతుళ్ళు వైశాలి వెళ్ళిపోయారు. "ఫ్యాన్ తిరిగినప్పుడు ఫోన్ చెయ్యండి" అంది. ఆటో ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు.

ఇల్లు బోసిగా ఉంది. ప్రతిజ్ఞ: ఫ్యాన్ నా చేత్తో తిప్పి, వాళ్ళని నేనే వెళ్ళి తీసుకొస్తాను. అంతదాకా వైశాలి గడప తొక్కను. భోజనం: బ్రెడ్డు, ఊరగాయ.

12 మే, సోమవారం

ఇంకో షాపు నుంచి మూడో కొటేషన్ వచ్చింది! మిగతా రెండింటికంటే బాగా తక్కువ. వోల్టులు సరిపోయాయి. టార్కు అందరికంటే ఎక్కువ. లైటుంది. మంజూరు చేశాను.

13 మే, మంగళవారం

కొన్నాను. పెట్టె విప్పాను. డ్రైవర్ ఉంది. బ్యాటరీ లేదు. ఛార్జర్ లేదు.

కొటేషన్ మళ్ళీ చదివాను. "బాడీ ఓన్లీ" అని స్పష్టంగా ఉంది. బ్యాటరీ ఏ రకమో రాయడానికి గడి గీశాను గానీ, అసలు బ్యాటరీ ఇస్తారా అనే గడి గీయలేదు. షాపువాడి తప్పేమీ లేదు. అదే బాధగా ఉంది.

15 మే, గురువారం

బ్యాటరీ, ఛార్జర్ విడిగా కొన్నాను. ఈసారి కొటేషన్లు లేవు, అత్యవసరం.

మెయిన్ ఆపాను. ఆ మాత్రం జ్ఞానముంది. టకటక. స్క్రూలు పరిగెత్తుకుంటూ బయటికొచ్చాయి. కొత్త రెగ్యులేటర్ పెట్టాను. తిరిగి బిగించేటప్పుడు కాస్త గట్టిగా ఉంటే మంచిదని ఇంకొంచెం నొక్కాను. ప్లేటు ఠప్పున మధ్యకి పగిలింది. స్విచ్చులు ఊడి తీగలకి వేలాడాయి.

ప్రస్తుతం పడగ్గదిలో ఫ్యాన్ లేదు, ట్యూబ్‌లైటు లేదు, ప్లగ్గు లేదు.

కారణాలు: ప్లాస్టిక్ నాసిరకం. గోడ పాతది. ఎండలు.

16 మే, శుక్రవారం

వైశాలి వెళ్ళాను. ప్రతిజ్ఞాభంగం కాదు, సాంకేతిక సలహా కోసం.

"స్విచ్‌బోర్డుకా బావగారూ?" అన్నాడు విష్ణువర్ధన్. "ఆ స్క్రూలు నేనూ చేత్తోనే తిప్పుతానండి. దీని దెబ్బకి ప్లాస్టిక్ ఎక్కడాగుతుంది?"

మామిడికాయ పప్పు తిన్నాక మా ఆవిడ బాల్కనీలోకి పిలిచింది. "ఫ్యాన్ లేదని వచ్చేశాననుకున్నారా? ఢిల్లీ ఎండ నాకు కొత్తా? వారం రోజులు వోల్టులూ టార్కులూ తప్ప నాతో ఇంకో మాట మాట్లాడారా? ఆ పట్టిక సెక్షనంతా చూసింది. ఇంట్లో ఉన్నదాన్ని, నన్నొక్కమాట అడిగారా?"

సిగ్గేసింది. నిజంగానే అడగలేదు. ఫ్యాన్ తిరగడం లేదు, లైటు కూడా పోయింది, అయినా ఇంటికి రమ్మన్నాను. మా ఆవిడ గదిలోకి తిరిగి, "హారికా, బట్టలు సర్దు" అంది.

18 మే, ఆదివారం

నిన్న తనే ఎంక్వైరీకి ఫోన్ చేసింది. మనిషొచ్చి కొత్త బోర్డు పెట్టి వెళ్ళాడు. ఫ్యాన్ తిరుగుతోంది. ముగ్గురం మొద్దుల్లా నిద్రపోయాం.

పొద్దున వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ గడగడమంది. దాని నట్లు ఇనుపవి, తుప్పుపట్టినవి. మన డ్రైవర్ పుట్టిందే వాటి కోసం. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో కరెంటు పని ఏదైనా నేనే చేస్తాను. కాకపోతే పై అధికారి అనుమతితో.

తెల్లకాగితం మీద ఫైలు నోటు రాశాను: "వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ విప్పుటకు అనుమతి కోరడమైనది." పేపరు చదువుకుంటున్న నాగమల్లేశ్వరి ముందు పెట్టి, పక్కన నిలబడ్డాను. మా ఆఫీసులో పెద్దలకి సరే అనడమూ కాదనడమూ ఇష్టం లేకపోతే మార్జిన్‌లో ఒక్క మాట రాసి పంపిస్తారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఆఫీసు కబుర్లు విని విని తనకీ పద్ధతి వచ్చేసినట్టుంది. పెన్ను తీసుకుని మార్జిన్‌లో రాసి, కాగితం నా చేతికిచ్చింది.

"చర్చించండి. వచ్చేటప్పుడు రెండు కాఫీలు కలిపి తీసుకురండి."

పాలు పొయ్యి మీద పెట్టాను.