లేపాక్షిలో చెప్పలేకపోయిన మాట

అమావాస్య, రాత్రి

అక్షరాలు వంకరగా పోతున్నాయి, తప్పులూ ఉంటాయి. ఐదో తరగతితో ఆగిన చదువు, ఏమనుకోవద్దు.

అమావాస్య కాబట్టి ఈ రోజు మగ్గానికి సెలవు. మా ఆయన నన్ను లేపాక్షి గుడికి తీసుకుపోయాడు. పెళ్లయ్యాక ఇద్దరమే బయటికి పోవడం ఇదే మొదలు. మాది ఒకటే గది ఇల్లు. మగ్గం పక్కనే అత్త నూలు కండెలు చుడుతూ కూర్చుంటుంది, రాత్రీ అక్కడే పడుకుంటుంది, గుట్టుగా ఒక మాట చెప్పడానికి ఉండదు. నాకు నెల తప్పిందని ముందు ఆయనకే చెప్పాలని ఎంతో ఆశపడ్డాను.

అక్కడ వేలాడే స్తంభం కింద ఇద్దరు చెరో పక్క నిలబడి గుడ్డ దూరుస్తారు. అప్పుడే చెబుదామనుకున్నాను. నేను తువ్వాలు దూర్చి చూస్తే అవతల ఆయన లేడు. మండపంలో వెల్లకిలా పడుకుని, పైకప్పు మీద గీసిన బొమ్మల చీర అంచులు చూస్తున్నాడు.

"యాడమ్మా నీ మొగుడు?" అని ఎవరో ముసలామె నవ్వి తువ్వాలు అవతలి కొస అందుకుంది.

ఆయన దగ్గరికి పోయి, "ఇదో, ఒక మాట చెప్పల్ల" అన్నాను.

"ఉండుమే, అంచులో హంసలు లెక్కపెడతాండా. చూడు, నీ వల్ల తప్పిపాయ!"

ఒళ్లు మండిపోయింది. తిరుగు బస్సులో నా భుజం మీదే నిద్రపోయాడు. కడుపులో తిప్పుతున్నా కదలకుండా కూర్చున్నాను. ఇంటికి రాగానే హంసల సంగతంతా అత్తకు చెప్పాడు.

"అంతసేపూ నువ్వేం చేసినావే?" అని ఆమె నన్నడిగింది.

రేపటి నుంచి మళ్లీ మగ్గం. ఇంకో అమావాస్య వచ్చేదాకా నా సంగతి పసిగట్టకుండా అత్త కళ్లు ఊరుకుంటాయా?

ఈ కాగితం ఎవరికి దొరికినా పొయ్యిలో వేయండి. ఆయనకు నా నోటితోనే తెలియాలి.