ఆఖరి చరణంలో పేరు

బనియాస్ లేబర్ క్యాంపు, గల్ఫ్

తమ్ముడు నరేశ్‌కు,

పాటల రచయితవూ నిర్మాతవూ అయ్యావు, సంతోషం. అల్ కుసైస్‌లో నీకు చేస్తున్న సన్మానానికి నేను రాను. మా కంపెనీ ముదీర్ సెలవివ్వక కాదు, మనసొప్పక.

ఇక్కడే కల్బాలో పరంజా మీంచి పడి చనిపోయిన మన హన్మంతు శవం ఊరు చేరిన రోజు, గౌరవ్వ పెద్దమ్మ తన కొడుకు శవపెట్టె మీద పడి రాగం తీసి ఏడ్చింది. వీడియో కాల్‌లో చూస్తూ మేమంతా తలలు దించుకున్నాం. నువ్వు రికార్డు చేసుకున్నావు. ఆ శోకాన్నే ఎవరితోనో పాడించి, డీజే దరువు వేయించి, ‘రచన, నిర్మాణం: నరేశ్’ అని వేసుకున్నావు. ఇప్పుడు పెళ్లి బరాత్‌లలో దానికి ఎగురుతున్నారు.

అందులో నీ రచన ఎంత? ఆఖరి చరణంలో కవి పేరుండాలన్న రివాజు కోసం ‘నా కొడుకా హన్మంతూ’ తీసేసి, ‘నా కొడుకా నరేశూ’ అని పెట్టావు. అంతే.

మొన్న ఆ పాట పెద్దమ్మ చెవిన పడిందట. నాకు ఫోన్ చేసి అడిగింది.

“నరేశ్ గూడ సచ్చిపోయిండా బిడ్డా? నాకెవ్వలు జెప్పకపాయిరి.”

అవునన్నాను.

పాపం, నీకోసమూ రాగం తీసి ఏడ్చింది. నేను రికార్డు చేయలేదు.