గోడ మీద తూకం గుండు

బందరు, 18-8-2001, శనివారం

తాపీ మేస్త్రి నాంచారయ్య ఈరోజు వచ్చాడు. బాత్రూము గోడ సగం పడగొట్టి వెళ్లాక మళ్లీ ముఖం చూపించడం ఇదే. ఈ ఊళ్లో పని మొదలుపెట్టేవాళ్లే కానీ పూర్తిచేసేవాళ్లు లేరు. అప్పటినుంచి మా ఆవిడ సరోజ స్నానానికి తువాలు పట్టుకుని పక్కింటికి వెళ్తోంది. "వదినగారూ, ఇక అద్దె మొదలుపెట్టమంటారా?" అని మొన్న పక్కింటావిడ నవ్విందట. సరోజకు నవ్వు రాలేదు.

వేరే మేస్త్రిని పిలిస్తే ఎవరూ రారు. నాంచారయ్య తాపీ మా గోడ మీదే ఉంది. పనిముట్టు ఉన్నంతవరకు పని అతనిదే, ఇంకొకరు చేయి పెట్టరు.

అతన్ని చూడగానే సరోజ సంతోషంగా టీ పెట్టింది. అతను టీ తాగి, తాపీ అందుకున్నాడు. "గుడివాడలో చిన్న పనుందండి బాబుగారూ. సోమవారం పొద్దున్నే మీ గుమ్మంలో ఉంటాను."

పోతే పోనీ, తాపీ కూడా పోయింది కాబట్టి ఇంకొకరిని పిలవచ్చు అనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లినవాడు వెనక్కి వచ్చి, సంచిలోంచి గోడ నిలువు చూసే తూకం గుండు తీసి గోడ ఇటుకల మీద పెట్టాడు.

"ఇది ఇక్కడే ఉంచుతున్నానండి. మీకూ ధైర్యంగా ఉంటది."

అదీ తీసుకుపో, ఇక రావద్దు అనాలి. నోటి దాకా వచ్చింది. "సోమవారం తప్పకుండా రా" అన్నాను.

సరోజ అతను తాగిన గ్లాసు కడిగి బోర్లించింది. తువాలు తీసుకుంది. రోజూ "వెళ్లొస్తానండీ" అని చెప్పి వెళ్తుంది. ఈరోజు చెప్పలేదు.